చూసుకునేవాళ్లకి క్లాసేంటండీ? – నేను వారం వారం వినే అపోహలు

తెనాలిలో ప్రతి శనివారం పొద్దున 10.30కి మేం రెండు గదులు తెరుస్తాం. ఒక గదిలో మానసిక జబ్బుతో ఉన్నవాళ్లకి ఏదో ఒక పని, ఆట, పాట ఉంటుంది. పక్క గదిలో వాళ్లని ఇంట్లో చూసుకునే అమ్మలకి, భార్యలకి, నాన్నలకి 12 వారాల క్లాసు నడుస్తుంది. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మందులు రాసేది డాక్టరు గారు, రాసిన మందు ఇంట్లో ఎందుకు మింగట్లేదో కనుక్కునేది నేను. 11 ఏళ్లుగా ఇదే పని కాబట్టి, గుమ్మం దగ్గర నిలబడి జనం ఏమంటారో ఈపాటికి కంఠతా వచ్చేసింది. వాటిలో కొన్ని ఇక్కడ రాస్తున్నాను. అన్నీ తప్పులని మాత్రం అనను, ఒకటి రెండింటికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

అపోహ: "మావాళ్లని చూసుకోవడం మాకొకరు నేర్పాలా?"

ఇలా అన్నవాళ్ల మీద నాకు కోపం రాదు. కన్నవాళ్లని, కట్టుకున్నవాళ్లని చూసుకోవడం పుట్టుకతోనే వస్తుందని అందరికీ ఉండే నమ్మకమే. కానీ నేను చూసిన పెద్ద పొరపాట్లు చాలావరకు ప్రేమతో చేసినవే. ఒకావిడ, కొడుకు మాత్ర వేసుకోనని మొండికేస్తే, పొడి చేసి ఉప్మాలో కలిపి పెట్టేది. నాలుగు నెలలు బాగానే సాగింది. ఒకరోజు చేదు తగిలింది. అసలే ఆ అబ్బాయి జబ్బులో ఉన్న భయమే 'నాకు అన్నంలో ఏదో కలుపుతున్నారు' అని. నిజంగానే కలిపారని తేలిపోయాక ఇక ఏ డాక్టరు చెప్తే నమ్ముతాడు? ఆరు వారాలు ఇంట్లో వండింది ముట్టుకోలేదు, బేకరీ బన్నులు, అరటిపళ్లు తిని బతికాడు. వాళ్లమ్మ చేసింది తప్పని నేను ఒక్క మాట కూడా అనలేకపోయాను, ఎందుకంటే అలా కాకుండా ఇంకెలా చేయాలో ఆవిడకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

చెవిలో మాటలు వినబడుతున్నాయని కొడుకు అంటే ఏమనాలి? క్లాసులో ఒకరు కొడుకు, ఒకరు తల్లి అయి అభ్యాసం చేయిస్తాం. మొదటిసారి ప్రతి ఒక్కళ్లూ అయిదు సెకన్లలో "ఎవరూ లేరు, నీ భ్రమ" అనేస్తారు. కాసేపటికి గొంతు లేస్తుంది. మేం నేర్పేది చాలా చిన్న సంగతి: వాదించొద్దు, అలాగని అవునని తలూపొద్దు. "నీకు వినబడుతోందా? నాకైతే వినబడట్లేదు. భయంగా ఉందా?" ఇంతే. ఈ మూడు ముక్కలు చిరాకు పడకుండా చెప్పడం రావడానికి నెల పడుతుంది. నాకు వృత్తిలోనే ఏడాది పట్టింది.

దీని వెనక శాస్త్రం లేకపోలేదు. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినబడడం, అనుమానాలు ఉండే మానసిక జబ్బు) రోగులని గమనించుకుంటూ పోతే, తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లకి, అద్దె గదుల్లోనో తోబుట్టువుల దగ్గరో ఉన్నవాళ్ల కంటే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. తర్వాత ఏళ్ల తరబడి తవ్వితే తేలిందేమిటంటే, ఇంట్లో దెప్పిపొడుపులు, కోపం, అలాగే అతిగా పట్టించుకోవడం ఎక్కువైన చోట జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. అతి ప్రేమ కూడా ఆ జాబితాలో ఉందని చెప్పినప్పుడు క్లాసులో అమ్మలందరూ ఒకసారి కిందకి చూస్తారు. జబ్బు మీవల్ల వచ్చిందని దీని అర్థం కాదు, అది కూడా వెంటనే చెప్పాలి, లేకపోతే వచ్చే వారం సగంమంది రారు.

మన దేశం ఈ విషయంలో వెనకబడి లేదు, ముందే ఉంది. ఆ 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో టెంట్లు వేయించి, రోగులతో పాటు కుటుంబాలని కూడా అక్కడే ఉంచి, జబ్బు గురించి వాళ్లకి చెప్పి, వాళ్ల చేతే చూసుకునే పని చేయించాడు. ప్రపంచంలో చాలాచోట్ల బంధువులని గేటు బయటే నిలబెట్టిన రోజులవి.

అపోహ: "అక్కడికెళ్తే అందరి ఏడుపులూ వినాలి, ఉన్న టెన్షన్‌కి అదొకటి"

ఒక్కసారి వచ్చి వినండి. సగం సమయం సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే కాగితం) కబుర్లే. స్లాట్ ఎప్పుడు దొరుకుతుంది, ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, నిరుడు తీసుకున్న మందుల చీటీలు పారేశాం ఇప్పుడెలా. 2016 దివ్యాంగుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, అందులో మానసిక జబ్బు ఒకటి. ఈ సంగతి తెలియకుండా పదేళ్లు, పదిహేనేళ్లు నెట్టుకొచ్చిన కుటుంబాలు మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఏ కాగితం ముందు, ఏది వెనక అనేది నాకంటే ముందువరస కుర్చీలో కూర్చునే పెద్దాయనకి బాగా తెలుసు, నేనూ ఆయన్నే అడుగుతాను. మిగతా సగంలో నవ్వులు ఎక్కువ. బయటివాళ్లు వింటే పాపం అనుకునే నవ్వులు, భర్త అర్ధరాత్రి లేచి ఇల్లంతా కడిగిన రోజు గురించి భార్య చెప్తుంటే పక్కనున్నావిడ "మా ఇంటికి కూడా పంపించకపోయావా అక్కా" అంటుంది. ఆ మాట నేనంటే తప్పు. ఆవిడ అంటే మందు.

ఏడ్చేవాళ్లూ ఉంటారు. ఉంటే ఉండనీండి.

అపోహ: "బుట్టలల్లడం, పాటలు, మొక్కలు – టైంపాస్ కాకపోతే ఇదొక వైద్యమా?"

ఇది ఎక్కువగా మగవాళ్ల నోట వింటాను. దీనికి జోడీ మాట ఇంకొకటి: "వాడికి జబ్బేం లేదండీ, బద్ధకం." స్కిజోఫ్రీనియాలో మాటలు వినబడడం, అనుమానాలు మందులకి చాలామందిలో తగ్గుతాయి, కానీ ఏ పనీ మొదలుపెట్టాలనిపించకపోవడం, మాట తగ్గిపోవడం, ముఖంలో ఏ భావమూ లేకపోవడం, ఇవి మందులకి అంత తొందరగా లొంగవు. ఇంట్లోవాళ్లకి బద్ధకంలా కనిపించేది అదే. అక్కడ పనికొచ్చేది చిన్న పని, రోజూ ఒకే సమయానికి, పక్కన ఇంకొకరు ఉండగా.

మా దగ్గర ఒకతను మూడు వారాలు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. నాలుగో వారం పక్కన గోంగూర కట్టలు విప్పి ఆకు దూస్తుంటే, కాసేపు చూసి, చెయ్యి చాచి ఒక కాడ తీసుకున్నాడు. ఆ రోజు మొత్తం దూసింది గుప్పెడు. మరుసటి వారం కట్ట. ఇప్పుడు ఆకు దూయడమే కాదు, "పురుగు ఉంది, ఇది పనికిరాదు" అని కొన్నవాళ్లని కూడా కోప్పడతాడు. వాళ్ల నాన్నకి అది పెద్ద మార్పుగా అనిపించలేదు, ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడిగారు. నాకైతే ఆ గుప్పెడు ఆకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

అపోహ: "ఇక్కడికొస్తున్నాడుగా, ఇక మందులు మానేయొచ్చు"

మానొద్దు. 'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి' అన్న సామెత ఊరికే పుట్టలేదు, తగ్గిందని మందు ఆపేసిన మూడు నాలుగు నెలలకి మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కినవాళ్లు మా రిజిస్టర్లో వరసగా ఉంటారు. తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టరుతో మాట్లాడి, మెల్లగా.

దీనికి అటువైపు అపోహ కూడా ఉంది, మందులుంటే చాలు, మిగతాదంతా దండగ అని. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలోని సతారాలో 282 మందితో చేసి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన పరిశోధనలో, ఆసుపత్రి వైద్యంతో పాటు మామూలు కార్యకర్తలు ఇంటికి వెళ్లి రోగితో, కుటుంబంతో పనిచేస్తే, ఒక్క ఆసుపత్రి వైద్యం కంటే కాస్త మెరుగైన ఫలితం కనిపించింది. కాస్తే. అద్భుతాలేం జరగలేదు. నాకు ఆ 'కాస్త' మీదే నమ్మకం, ఎందుకంటే మా దగ్గర నేను చూసేది కూడా అంతే.

అపోహ: "ధ్యానం ఎవరికైనా మంచిదేగా, పదిరోజుల క్యాంపుకి పంపిస్తాం"

అందరికీ కాదు. భ్రమలు, అనుమానాలు బలంగా ఉన్న రోజుల్లో గంటల తరబడి కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోబెడితే కొందరికి జబ్బు పెరుగుతుంది. పొద్దున్నే నడక, తేలికపాటి ఆసనాలు, కాసేపు భజన, వీటితో ఇబ్బంది లేదు. పెద్ద క్యాంపులైతే డాక్టరుని అడిగాకే.

అపోహ: "పెళ్లి చేస్తే సర్దుకుంటాడు"

పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. ఈ సామెత చెప్పి నవ్వేసి, తర్వాత సీరియస్‌గా సంబంధాలు చూసేవాళ్లని చూశాను. మా క్లాసులో కూర్చునే భార్యల్లో కొందరు అలా 'సర్దిపెట్టడానికి' వచ్చిన కోడళ్లే. ఇంతకంటే చెప్పను.

అపోహ: "చచ్చిపోతాననే మాట మనం ఎత్తకూడదు, ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టు"

అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. చాలామందికి ఎవరో ఒకరు నేరుగా అడిగినప్పుడే గుండె బరువు దిగుతుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మామూలు గొంతుతో అడగండి, అవునంటే ఉపన్యాసం ఇవ్వకుండా వినండి, ఒంటరిగా వదలకండి, పురుగుల మందు, మాత్రలు అందకుండా దాచండి. 14416 అనే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 2022 అక్టోబరు నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఫోన్ చేసేది జబ్బు మనిషే కానక్కర్లేదు, మీరు కూడా చేయొచ్చు. ప్రయత్నం చేసినవాళ్ల మీద పోలీసు కేసు పడుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేసినవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

అపోహ: "ఇవన్నీ పెద్ద చదువులు చదివినవాళ్లు చేయాల్సిన పనులు"

జింబాబ్వేలో చెట్టు కింద బెంచీ మీద కూర్చుని బామ్మలు మాట్లాడే కార్యక్రమం 2006లో మొదలైంది, దిగులు తగ్గించడంలో అది పనిచేస్తుందని ట్రయల్‌లో కూడా తేలింది. అంత దూరం ఎందుకు, మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి దిగులు, ఆందోళన ఉన్నవాళ్లని గుర్తించి డాక్టర్ల దగ్గరికి పంపిన ప్రాజెక్టు నడిచింది. మా క్లాసులో కూడా 12 వారాలు పూర్తి చేసిన ఇద్దరు ఇప్పుడు కొత్తవాళ్లకి చెప్తున్నారు. ఒకే ఒక షరతు పెట్టాను: మాత్రల డోసు గురించి నోరు విప్పకూడదు. అది మాత్రం నిలబడదు, టీ బ్రేక్‌లో ఎలాగూ మాట్లాడేసుకుంటారు.

అపోహ: "బయట తెలిస్తే మా పరువేం కాను?"

దీన్ని అపోహ అనడానికే నాకు మొహమాటం. 'ఎర్రగడ్డ నుంచి వచ్చావా' అని నవ్వుకుంటూ తిట్టుకునే మన మధ్య, ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నారని తెలిస్తే చెల్లెలి సంబంధం చెడిపోవడం నేను కళ్లారా చూశాను. అందుకే మా బోర్డు మీద 'కుటుంబ ఆరోగ్య తరగతి' అని మాత్రమే ఉంటుంది. అయినా నావల్లే ఒక తప్పు జరిగింది. మూడో బ్యాచ్ చివరి రోజున సరదాగా గ్రూప్ ఫొటో తీసి, అడక్కుండా వాట్సాప్‌లో పెట్టాను. అది ఎక్కడెక్కడికో తిరిగి ఒకావిడ ఆడపడుచు ఫోన్‌కి చేరింది. ఆవిడ మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళ్తే గేటు దగ్గరే "మీరు రావద్దండీ" అని మెల్లగా చెప్పి తలుపేసుకుంది. అప్పట్నుంచి మా గదిలో ఫోన్లు బయట బుట్టలో పెట్టాలి, ముందు నాది.

అపోహ: "నాకేం అయింది? జబ్బు వాడికి, నాకు కాదు"

చూసుకునేవాళ్ల భారాన్ని కొలవడానికి జారిట్ అనే ఆయన తయారుచేసిన 22 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. అందులో ఒక ప్రశ్న, ఆ మనిషిని చూసుకోవడంలోనే పడి మీకంటూ సమయం మిగలట్లేదని అనిపిస్తుందా అని. చాలామంది పెన్ను అక్కడ ఆగుతుంది. "అలా అనుకోవడమే తప్పు కదండీ" అని నన్నే అడుగుతారు. బీపీ మాత్ర అయిపోయి మూడు వారాలైనా తెచ్చుకోని మనిషి, కొడుకు మాత్ర మాత్రం ఒక్కపూట తప్పనివ్వదు. ఆ రోజు క్లాసులో జబ్బు గురించి ఏమీ చెప్పను. అందరి బీపీలూ చూసి, ఎవరి మాత్రలు ఎప్పుడు అయిపోయాయో రాసుకోవడంతోనే సరిపోతుంది.

ఇక చివరిది. అపోహ కాదు, నిజం.

"నేనొస్తే ఆ రెండు గంటలూ వాణ్ని ఎవరు చూస్తారు?"

మొదటి రెండేళ్లు దీనికి నా దగ్గర జవాబు లేదు. పక్కింటివాళ్లని అడగండి అనేదాన్ని, అదెంత తెలివితక్కువ సలహానో తర్వాత అర్థమైంది. రెండో గది అద్దెకి తీసుకున్నది అందుకే, బుట్టలూ క్యారమ్స్ బోర్డూ వచ్చింది అందుకే, వైద్యం కోణం తర్వాత కలిసొచ్చింది. రెండు గదుల మధ్య ఒక తలుపుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని వేయనివ్వరు. ఒకావిడ ఆ తలుపు పక్కనే కుర్చీ వేసుకుని, ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు పెట్టి, నేను చెప్పేది సగం వినేది. కొడుకు దగ్గితే లేచేది. మూడో వారం కుర్చీ తలుపుకి కాస్త దూరం జరిగింది. ఏడో వారమనుకుంటా, సదరం కాగితాల గురించి పెద్దాయన చెప్తుంటే, ఈవిడే విసుగ్గా వెనక్కి తిరిగి, "ఆ తలుపు వేయండమ్మా, వాళ్ల క్యారమ్స్ గోలకి ఈయన మాట ఒక్క ముక్క వినబడట్లేదు" అంది.