కట్లపాము కాటుకు రెప్పలెందుకు వాలతాయి?

నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పడతాయి. పొలాల్లో బొరియలు నీళ్ళతో నిండితే ఎలుకలు ఇళ్ళ వైపు వస్తాయి. వాటి వెనకే పాములూ వస్తాయి. పెన్నా కింద వరి మడుల పక్కన, కాలవ గట్ల మీద గుడిసెలు వేసుకుని నేల మీద చాప పరుచుకుని పడుకునే వాళ్ళకు, ముఖ్యంగా యానాదులకు, ఈ మూడు నెలలూ భయంతోనే గడుస్తాయి. నాగుపాము పడగ విప్పుతుంది, రక్తపింజర బుస కొడుతుంది. కట్లపాము మాత్రం అర్ధరాత్రి సద్దు చేయకుండా వచ్చి, నిద్రలో ఉన్న మనిషిని కరిచి పోతుంది. చాలామందికి ఆ కాటు నొప్పి కూడా తెలియదు.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో అలాగే జరిగింది. ఒకాయన తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. తిన్నది పడలేదనుకుని వాము నమిలించారు. ఎక్కడా వాపు లేదు, గాటు లేదు. తెల్లారేసరికి ఆయన కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. అప్పుడు ఎవరికో పాము అనుమానం వచ్చింది. "మత్తెక్కుతా ఉండాది, నిద్రపోనీయబాకండి" అని చెంపల మీద తట్టారు. వేపాకు నోట్లో పెట్టి, "ఏం అబ్బయా, చేదు తెలస్తా ఉండాదా?" అని అడిగారు. తెలుస్తోందని ఆయన గొంతులోనే అన్నాడు. చేదు తెలుస్తోంది కాబట్టి విషం ఎక్కలేదని అందరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఆయన బతకలేదు.

ఆ వేపాకు పరీక్ష ఎందుకు తప్పిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. చేదు తెలియడమంటే నాలుక నుంచి మెదడుకు కబురు వెళ్ళడం. కట్లపాము విషం ఆ కబురు జోలికి పోదు. అది ఆపేది మెదడు నుంచి కండరానికి వచ్చే కబురును. అందుకే మనిషికి చేదు తెలుస్తుంది, మాటలు వినపడతాయి, నొప్పి తెలుస్తుంది. రెప్ప మాత్రం ఎత్తలేడు, గుటక వేయలేడు, చివరికి ఊపిరి తీసుకోలేడు. మనం నిద్రమత్తు అనుకునేది నిద్ర కానే కాదు. ఈ సంగతి సైన్సుకు తెలియడానికి నూట యాభై ఏళ్ళకు పైనే పట్టింది.

వాడుక మాటల్లో ఒక చిక్కుంది. మనం రక్తనాళాన్నీ నరమే అంటాం, మెదడు నుంచి కబురు మోసేదాన్నీ నరమే అంటాం. "నరానికి ఇంజెక్షన్ చేశారు" అన్నప్పుడు అది రక్తనాళం. ఇక్కడ నేను నరం అంటున్నది రెండోదాన్ని, అంటే నాడీకణాల పొడవాటి పోగులను.

నరంలో కరెంటు లాంటిదేదో నడుస్తుందని ఇటలీలో గాల్వాని 1780ల్లోనే కప్ప కాళ్ళ మీద చూశాడు. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ దాని వేగాన్ని కొలిచాడు. కప్ప నరంలో అది సెకనుకు సుమారు 27 మీటర్లు. తీగలో కరెంటుతో పోలిస్తే చాలా నెమ్మది. ఇదే కాలంలో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ చేసిన పని నాకు అన్నిటికన్నా ఇష్టం. దక్షిణ అమెరికా అడవి జాతులు బాణాలకు పూసే కురారే అనే విషాన్ని ఆయన కప్పలకు ఎక్కించాడు. కప్ప కదలడం మానేసింది. నరానికి కరెంటు తగిలిస్తే కండరం కదల్లేదు. అదే కరెంటును నేరుగా కండరానికి తగిలిస్తే కదిలింది. అంటే కండరం చచ్చిపోలేదు. నరం నుంచి రావలసిన కబురే దానికి అందడం లేదు. మా ఊరి ఆయనకు జరిగింది కూడా దాదాపు ఇదే.

మరి నరానికీ కండరానికీ మధ్య ఏముంది? 1873లో గోల్గీ అనే ఇటలీ శాస్త్రవేత్త వెండి లవణంతో నాడీకణాలకు రంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. స్పెయిన్‌కు చెందిన కహాల్ అదే పద్ధతిని మెరుగుపరిచి, 1888 నుంచి మెదడు ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి చేత్తో బొమ్మలు గీస్తూ పోయాడు. నాడీకణాలన్నీ ఒకదానికొకటి అతుక్కున్న వల అని గోల్గీ నమ్మకం. ఏ కణానికి ఆ కణమే విడి అని కహాల్ వాదన. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా ఎవరి వాదన వాళ్ళే వినిపించారు. కహాల్ చెప్పిందే నిలిచింది. కణాలు కలిసే ఆ చోటుకు ఇంగ్లండులో షెరింగ్టన్ 1897లోనే సినాప్స్ అని పేరు పెట్టాడు. నరం కొసకూ కండరానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు మాత్రమే.

ఆ సందును కబురు ఎలా దాటుతుందన్న దాని మీద పెద్ద తగువే నడిచింది. కరెంటే దూకుతుందని ఒక వర్గం, ఏదో రసాయనం మోస్తుందని ఇంకో వర్గం. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరంలో ఉండే ఆటో లోయీకి ఒక రాత్రి కలలో ప్రయోగం తట్టింది. నిద్రమత్తులో కాగితం మీద గీకి పెట్టుకున్నాడు. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్ళీ అదే కల వచ్చింది. ఈసారి లేచి నేరుగా ల్యాబుకు వెళ్ళాడు. ఉప్పునీటిలో కొట్టుకుంటున్న రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. ఒకదానికి ఉన్న నరాన్ని కరెంటుతో రేపితే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీటిని తీసి రెండో గుండె మీద పోశాడు. నరమే లేని ఆ గుండె కూడా నెమ్మదించింది. కబురు నీళ్ళలో కలిసి వచ్చిందన్నమాట. ఇది 1921లో అచ్చయింది. ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్. దాన్ని హెన్రీ డేల్ 1914లోనే ఒక ధాన్యపు బూజు నుంచి వేరుచేసి ఉన్నాడు. చేతి కండరానికి, రెప్ప కండరానికి కబురు మోసేది కూడా అదేనని 1936లో డేల్ బృందం చూపించింది. ఆ ఏడే లోయీకి, డేల్‌కు నోబెల్ వచ్చింది. రెండేళ్ళ తర్వాత నాజీలు యూదుడైన లోయీని జైల్లో పెట్టి, నోబెల్ డబ్బు రాయించుకుని దేశం నుంచి పంపేశారు.

తర్వాత బెర్నార్డ్ కాట్జ్ ఇంకో మెట్టు ఎక్కాడు. నరం కొసలో ఈ రసాయనం చిన్న చిన్న సంచుల్లో ఉంటుందని, కరెంటు కొస దాకా రాగానే సంచులు పగిలి ఒక్కోదాంట్లోని వేల అణువులు ఒకేసారి సందులోకి వస్తాయని 1950ల్లో ఆయన పనివల్ల తేలింది. అవతలి కండరం మీద వాటిని అందుకునే చోటు ఒకటి ఉండాలి. దాన్ని రిసెప్టర్ అన్నారు. అందరూ దాని గురించి మాట్లాడేవారే గానీ విడదీసి చూసినవారు లేరు.

ఇక్కడే కథ మన వైపు తిరుగుతుంది. ఈస్టిండియా కంపెనీ కింద విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు కోరమాండల్ తీరంలో పాములను సేకరించి 1796లో పెద్ద పుస్తకం వేశాడు. స్థానికులు ఏ పామును ఏమని పిలుస్తారో అడిగి ఆ తెలుగు పేర్లే రాసుకున్నాడు. పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము జాతికి ఆయన రాసిన పేరు 'బంగారుం పాము'. కొద్ది ఏళ్ళకు ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ ఆ మాట నుంచే కట్లపాముల జాతి మొత్తానికి 'బంగారస్' అని శాస్త్రీయ నామం ఖాయం చేశాడు. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు అక్కడి కట్లపాము విషాన్ని విడదీసి, అందులోని పదార్థాలకు ఆల్ఫా బంగారోటాక్సిన్, బీటా బంగారోటాక్సిన్ అని పేర్లు పెట్టారు. ప్రపంచంలో ఏ న్యూరోసైన్స్ పుస్తకం తెరిచినా కనిపించే ఆ పేర్లలో మన బంగారం ఉంది. ఈ సంగతి మన బడి పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా అనిపిస్తుంది.

ఆల్ఫా రకం రిసెప్టర్‌కు అతుక్కుంటే ఇక వదలదు. ప్రాణం తీసే ఆ గుణమే ల్యాబులో పనికొచ్చింది. 1970లో పారిస్‌లో షాంజూ బృందం, తైవాన్ లీతో కలిసి, దీన్ని వాడి కరెంటు ఈల్ చేపలోంచి రిసెప్టర్‌ను గుర్తించి వేరుచేసింది. తర్వాత కరెంటు టేకి చేపలతో ఈ పని ఇంకా ముందుకు పోయింది. మన తీరంలోనూ వాటి బంధువులున్నాయి. రస్సెల్ తన చేపల పుస్తకంలో వాటిని తెలుగువాళ్ళు 'తిమిరి' అంటారని రాశాడు. ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది మరి.

1973లో అమెరికాలో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రోమ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈల్ రిసెప్టర్‌ను కుందేళ్ళకు ఎక్కించారు. కుందేళ్ళు నీరసించి కూలబడ్డాయి. మనుషుల్లో రెప్పలు వాలిపోయే మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బు అలాగే ఉంటుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే రిసెప్టర్ల మీద దాడి చేయడం వల్ల ఆ జబ్బు వస్తుందని దాంతో తేలింది. ఈ రోజు ఆ జబ్బుకు వైద్యం అందుతోందంటే అందులో పాము విషం వాటా ఉంది.

బీటా రకం పని వేరు. అది నరం కొసలోకే చొరబడి, సంచులు ఖాళీ అయ్యేలా చేసి ఆ కొసను పాడుచేస్తుంది. మన కట్లపాము విషంలో ఈ తరహాదే ఎక్కువ. అందుకే యాంటీవెనమ్ ఆలస్యంగా ఇస్తే, ఒంట్లో తిరుగుతున్న విషం విరుగుతుంది గానీ అప్పటికే పాడైన కొసలు బాగుపడవు. నాగుపాము కాటులో, ఎసిటైల్‌కోలిన్‌ను సందులో ఎక్కువసేపు నిలిపే నియోస్టిగ్మిన్ అనే మందు ఇంజెక్షన్‌కు రెప్పలు లేస్తాయి. కట్లపాము కాటులో చాలాసార్లు లేవవు. ఇక మిగిలిన దారి, కొసలు మళ్ళీ మొలిచేదాకా మనిషికి బయటి నుంచి ఊపిరి అందించడం.

మరి మెదడు సంగతి? ఈ విషాలు పెద్ద ప్రొటీన్లు, రక్తం నుంచి మెదడులోకి దాటలేవు. 1947లో అచ్చయిన ఒక ప్రయోగంలో స్కాట్ స్మిత్ అనే అమెరికన్ మత్తు డాక్టరు, కురారే మందు పూర్తి మోతాదులో తనకే ఎక్కించుకున్నాడు. తోటి డాక్టర్లు ఊపిరి అందిస్తుంటే కట్టెలా పడి ఉన్నాడు. తేరుకున్నాక, తన చుట్టూ జరిగిందంతా విన్నానని, తెలిసిందని చెప్పాడు. కట్లపాము కరిచి వెంటిలేటర్ మీద ఉన్న మనిషి కూడా అలాగే ఉండొచ్చు. కంటిపాపలు కూడా స్పందించకపోవచ్చు. దాన్ని చూసి బ్రెయిన్ డెత్ అని పొరబడకూడదు.

పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. 2030కల్లా ఈ చావులను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక తెచ్చింది. నా దృష్టిలో అందులో అన్నిటికన్నా ముందు కావలసింది దూరాన్ని జయించడం. గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నల్లమల అంచు ఊళ్ళ నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లు దాటే ఉంటుంది. అంత దూరం దారి పొడవునా చేత్తో గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందించగల మనిషి అంబులెన్సులో ఉంటే రోగి బతుకుతాడు. అంతకన్నా ముందు, నేల మీద చాపకు బదులు మంచం, అంచులు పరుపు కిందకు దోపిన దోమతెర ఉంటే అసలు కాటే పడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, రెప్పలు వాలుతుంటే గాటు కనపడకపోయినా పామే అనుకుని 108కి ఫోన్ చేయాలి. పాముకాటుకు ఆసుపత్రిలో చేసే రక్తం గడ్డకట్టే పరీక్ష బాగానే ఉందంటే విషం లేదని కాదు. కట్లపాముకు ఆ పరీక్ష పట్టదు.

కొసలు మళ్ళీ మొలవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మంచం పక్కన కూర్చున్నవాళ్ళు పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. లోపల ఆయన వింటూ ఉంటాడు. ఒక పొద్దున ముందుగా ఒక వేలు, తర్వాత రెప్ప కొద్దిగా కదులుతుంది.