దోసెలో 11 గ్రాములు, పప్పులో 40

బీరకాయ కూర కంటపడితే పళ్లెం పక్కకు నెట్టేసే పిల్లాడు, అదే బీరకాయ తొక్కుతో కారం తగ్గించి చేసిన పచ్చడిని వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపితే మారుమాట లేకుండా తినేస్తాడు. కాయ అదే. ముక్క కనబడలేదు, నాలుకకు పీచు తగల్లేదు, అంతే తేడా. కూరగాయల్ని గుజ్జు చేసి పిల్లల తిండిలో కలపడం మనకు కొత్త విద్యేమీ కాదు. రోట్లో నూరిన పచ్చళ్లు, మెదిపిన పాలకూర పప్పు, సొరకాయ తురుము కలిపి తట్టే సర్వపిండి, ఇవన్నీ ఆ కోవలోవే.

కాకపోతే ఒక లెక్క చాలా ఇళ్లలో వేయడం లేదు. దోసె పచ్చగా వస్తే పాప పాలకూర తినేసిందని తృప్తి పడిపోతాం. ఒక కప్పు దోసె పిండిలో 3 టేబుల్ స్పూన్ల గుజ్జుకు మించి పట్టదు. అంటే సుమారు 45 గ్రాములు. ఆ పిండితో నాలుగు చిన్న దోసెలు వస్తాయి. ఒక్కో దోసెలో ఉన్న కూరగాయ 11 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 క్యాలరీలు తినే పెద్దవాళ్లకు ఆకుకూరలూ కూరగాయలూ కలిపి 400 గ్రాములు ఉండాలని చెప్పింది. పిల్లలకు వయసును బట్టి ఆ అంకె తగ్గుతుంది. ఎంత తగ్గినా ఒక దోసెతో తీరేంత చిన్నదైతే కాదు.

దోసెలో ఎక్కువ ఎందుకు పట్టదంటే, చాలా కూరగాయల్లో తొంభై శాతం దాకా నీళ్లే. సొరకాయలోనైతే ఇంకా ఎక్కువ. పిండిలో గుజ్జు పెరిగేకొద్దీ బియ్యం, మినుముల పట్టు సడలుతుంది. దోసె పెనానికి అంటుకుని, తిప్పబోతే చినుగుతుంది. పైగా క్యారెట్, గుమ్మడికాయల్లోని చక్కెరలు తొందరగా ఎర్రబడతాయి. లోపల పచ్చిగా ఉండగానే అడుగు మాడిపోతుంది. పిండిలో ఒక టేబుల్ స్పూన్ బియ్యప్పిండి కలిపి, మంట మధ్యస్థంగా పెట్టి, చిన్నవిగా కాస్త మందంగా పోసుకుంటే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. ఇడ్లీకైతే కప్పు పిండికి 2 టేబుల్ స్పూన్లు చాలు. పులిసిన పిండిలో నిలిచి ఉన్న గాలి బుడగలే ఇడ్లీని పొంగిస్తాయి. గుజ్జు వేసి గిరగిరా తిప్పితే అవి పగిలిపోయి ఇడ్లీ గట్టిగా వస్తుంది. అందుకని ఆవిరికి పెట్టే ముందు వేసి, గరిటెతో రెండు మూడుసార్లు మాత్రం కలపాలి.

చపాతీ కొంత నయం. 200 గ్రాముల గోధుమపిండికి 120 గ్రాముల పాలకూర గుజ్జు సరిపోతుంది, వేరే నీళ్లు అక్కర్లేదు. ఎనిమిది పుల్కాలు వస్తాయి. ఒక్కోదాంట్లో 15 గ్రాములు. ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే. కలిపేటప్పుడు పిండి గట్టిగా ఉందని నీళ్లు పోస్తారు. గుజ్జులోని నీరంతా ఒక్కసారిగా బయటికి రాదు, ఉప్పు తగిలాక నెమ్మదిగా ఊరుతుంది. ఇరవై నిమిషాలు నాననిచ్చేసరికి ముద్ద జారుగా అయిపోతుంది. అప్పుడు పొడిపిండి చల్లుకుంటూ పోతే చపాతీలు అట్టముక్కల్లా తయారవుతాయి. మొదట కొంచెం గట్టిగా అనిపిస్తే అలాగే వదిలేయండి.

అసలు చోటు పప్పు. నీళ్లు ఎలాగూ పోస్తాం కాబట్టి, ఆ నీళ్ల బదులు గుజ్జు పోయొచ్చు. నలుగురికి 100 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల తీపి గుమ్మడికాయ తీసుకోండి. గుమ్మడికాయ చెక్కు తీసి, అంగుళం ముక్కలు కోసి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పది నిమిషాలు ఉడికించాలి. చాకు మొన గుచ్చితే అడ్డులేకుండా దిగాలి. పప్పును 300 మిల్లీలీటర్ల నీళ్లు, పసుపుతో కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, మెదిపి, గుజ్జు కలపండి. ఆ తర్వాతే చింతపండు రసమో టమాటానో. ఈ వరస ముఖ్యం. పులుపులో వేసిన కూరగాయ తొందరగా మెత్తబడదు. కణాలను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో సులువుగా కరగదు గనుక ముక్క చాలాసేపు మరిగినా లోపల బిరుసుగానే ఉంటుంది. కందిపప్పుదీ అదే తంతు. తాలింపు పడ్డాక మొత్తం 600 గ్రాముల పైచిలుకు అవుతుంది. పిల్లల చిన్న గిన్నెలో 125 గ్రాములు వేస్తే అందులో 40 గ్రాముల గుమ్మడికాయ ఉంటుంది. దోసెకు దాదాపు నాలుగింతలు, పైగా రంగులో తేడా కూడా తెలియదు. పప్పు పసుపే, గుమ్మడీ పసుపే. టమాటా రసంలోనో, ఉల్లిగడ్డ టమాటా మసాలాలోనో రెండు పాళ్ల టమాటాకు ఒక పాలు క్యారెట్ గుజ్జు కూడా ఇలాగే కలిసిపోతుంది. సొరకాయ, గోబీ గుజ్జులకు తెల్లటి చోట్లు వెతకాలి. ఉప్మా, కుర్మా, పాలు పోసి వండేవి వాటికి సరిపోతాయి.

గుజ్జు నిజంగా మెత్తగా ఉందా లేదా అన్నది కంటికి తెలియదు. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూడండి. వేళ్లకు ఇసుక తగిలినట్టుంటే పిల్లల నాలుకకు గులకరాయి తగిలినట్టే. మళ్లీ మిక్సీ తిప్పినా ఆ పలుకులు పోకపోతే తప్పు మిక్సీది కాదు, ఉడకడానిది. ముదురు బీరకాయ, ముదురు బీన్స్‌లలో పీచు ఎంత ఉడికించినా చావదు. వాటిని వడకట్టి గుజ్జు తీయడం దండగ, పీచుపదార్థం జల్లెడలోనే ఉండిపోతుంది. లేతవి కొనడమే మందు. రైతు బజారుకు వెళ్లినప్పుడు బీరకాయ కణుపుల మీద గోరు నొక్కితే సులువుగా దిగాలి. ఆలుగడ్డను మాత్రం మిక్సీకి దూరంగా ఉంచండి. బ్లేడు దెబ్బకు కణాలు పగిలి లోపలి పిండిపదార్థం బయటపడుతుంది, ముద్ద బంకలా సాగుతుంది. దానికి పప్పుగుత్తి చాలు.

వేడి వేడి గుజ్జును మూత బిగించి మిక్సీ తిప్పడం ప్రమాదం. ఆవిరి ఒక్కసారిగా వ్యాకోచించి మూత ఎగిరిపోతుంది, ముఖాలు కాలుతాయి. గోరువెచ్చగా అయ్యాక, జార్‌లో సగం దాకానే వేసి, మూత మీద చెయ్యి ఉంచి తిప్పాలి. తిరగడానికి నీళ్లు కావాలంటే కూరగాయ ఉడికిన నీళ్లనే రెండు చెంచాలు పోయండి. విటమిన్ సి, ఫోలేట్ అనే బి విటమిన్ కొంత అందులోకి దిగి ఉంటాయి. మిగిలినవి పప్పులోకి.

ఆకుపచ్చ రంగు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువ మంది పిల్లలు దొరకబుచ్చుకునేది ఇక్కడే. పాలకూరకు రంగునిచ్చే పత్రహరితం అణువు నడుమ మెగ్నీషియం ఉంటుంది. పులుపు తగిలినా, ఎక్కువసేపు ఉడికినా అది ఊడిపోతుంది, పచ్చటి ఆకు బురద రంగుకు తిరుగుతుంది. పాలకూర కాడలు తీసేసి, మరుగుతున్న నీళ్లలో మూత పెట్టకుండా ఒక్క నిమిషం ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచి, పిండి, రుబ్బితే ఆ పచ్చదనం నిలుస్తుంది. చింతపండు పడే వంటల్లో ఈ గుజ్జు వేస్తే ఎంత జాగ్రత్తగా చేసినా నిమిషాల్లో మట్టిరంగే. చపాతీలోనో, పులుపు లేని పెసరపప్పులోనో వేయండి. అన్నట్టు, పాలకూరలోని ఇనుమును లెక్కలోకి తీసుకుని మురిసిపోకూడదు. అందులోని ఆక్సలేట్లు వంటి పదార్థాలు ఇనుమునూ కాల్షియాన్నీ చాలావరకు పట్టి ఉంచుతాయి.

బీట్‌రూట్ రంగుకు పిల్లలు ఆశపడతారు గానీ వాసన దగ్గర ఆగిపోతారు. తొలకరి వానకు నేల నుంచి లేచే వాసన ఉంది చూశారా, అది జియోస్మిన్ అనే పదార్థానిది. బీట్‌రూట్‌లో ఉన్నదీ అదే. మనిషి ముక్కు దాన్ని అతి స్వల్ప మోతాదులో కూడా పసిగడుతుంది. చెక్కు మందంగా తీసి, ఉడికాక గుజ్జులో కాసిన్ని నిమ్మచుక్కలు పిండితే ఆ వాసన తగ్గుతుంది, పులుపులో జియోస్మిన్ విరిగిపోతుంది.

కాకరకాయ, మెంతికూరలను గుజ్జు చేసి దాచాలని చూడొద్దు. రుబ్బితే కణాలన్నీ పగిలి చేదు గిన్నెంతా పరుచుకుంటుంది. పసివయసులో చేదు మీద అయిష్టం పెంకితనం కాదు. ప్రకృతిలో చాలా విషాలు చేదుగానే ఉంటాయి, వాటి నుంచి కాచే కాపలా అది. కొన్ని చేదుల్ని ఎంత గట్టిగా గుర్తిస్తామన్నది టీఏఎస్2ఆర్38 అనే జన్యువును బట్టి మనిషికీ మనిషికీ మారుతుంది. అన్న తినే గోబీని చెల్లి ఉమ్మేస్తే ఇద్దరికీ ఒకే రుచి తెలుస్తోందనుకోవడానికి లేదు.

ఆ కాపలాను పెద్దవాళ్లూ వాడుకోవాల్సిన సందర్భం ఒకటుంది. సొరకాయ, బీరకాయ, దోసకాయ ఎప్పుడైనా చేదుగా ఉన్నాయంటే వాటిలో కుకుర్బిటాసిన్లు అనే చేదు విషాలు పేరుకున్నట్టు. అవి ఉడికించినా పోవు. వాంతులు, విరేచనాలు, కడుపులో రక్తస్రావం దాకా తీసుకెళ్తాయి. చింతపండు, తాలింపు కలిసిన గుజ్జులో ఆ చేదు మరుగున పడవచ్చు. అందుకే రుబ్బే ముందు ప్రతి కాయ నుంచీ పచ్చిముక్క గోరంత తీసి నాలుకకు ఆనించి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయంతా పారేయండి. పాతిక రూపాయలు పోతాయని ఆలోచించవద్దు.

గుజ్జు నిల్వ చేయాలంటే ఐస్ ట్రేలో గడ్డకట్టించి సంచిలోకి మార్చుకోవాలి. ట్రేలో ఒక గడి ఎన్ని చెంచాలు పడుతుందో ఒకసారి నీళ్లతో కొలిచి పెట్టుకుంటే రోజూ లెక్క తేలిక. ఎండాకాలంలో కరెంటు పోయి కరిగిపోయిన దాన్ని ఆ రోజే వండేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. పాలకూర, బీట్‌రూట్ గుజ్జుల్ని వంటగట్టు మీద గంటలకొద్దీ వదలొద్దు. వాటిలో ఎక్కువగా ఉండే నైట్రేట్లను సూక్ష్మజీవులు నైట్రైట్లుగా మారుస్తాయి. చంటిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయకుండా అవి అడ్డుపడతాయి.

ఇంతకీ ఇలా కలిపితే పిల్లలు నిజంగా ఎక్కువ కూరగాయలు తింటారా? అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన బార్బరా రోల్స్ బృందం 2011లో దీన్ని తూకం వేసి చూసింది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 40 మంది. వాళ్ల వంటకాల్లో గుజ్జు ఎక్కువగా కలిపిన రోజు, కలపని రోజు కంటే 73 గ్రాముల కూరగాయలు అదనంగా తిన్నారు. పక్కన విడిగా కనబడేట్టు పెట్టిన కూరగాయల్ని తినడం కూడా తగ్గలేదు. అయితే ఆ రోజు వాళ్లకు 142 క్యాలరీలు తక్కువ అందాయి, దాదాపు 12 శాతం. పిల్లలు పొట్ట నిండే బరువునే తింటారు, గుజ్జులో ఉన్నదేమో నీళ్లు. లావుగా ఉన్న పిల్లలకు ఇది మేలు. బరువు చాలని పిల్లలు ఉన్న మన ఇళ్లలో మాత్రం గుజ్జు కలిపిన ప్రతి గిన్నెలో ఒక టీస్పూన్ నెయ్యి వేయాలి. 45 క్యాలరీలు తిరిగొస్తాయి. క్యారెట్, గుమ్మడికాయల్లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలన్నా కొవ్వు ఉండాల్సిందే.

గుజ్జుతో పొట్టలోకి కూరగాయ వెళ్తుంది, ఇష్టం మాత్రం దానంతట అది పుట్టదు. ఒక కూరగాయను పిల్లలు ఒప్పుకోవడానికి సాధారణంగా 8 నుంచి 15 సార్లు రుచి చూడాల్సి వస్తుంది, అదీ అది ఏమిటో తెలిసి. నమలడమూ నేర్చుకోవాల్సిందే. తొమ్మిది పది నెలలకల్లా పలుకులున్న తిండి మొదలుకావాలి, ఆలస్యమైతే తర్వాత తినిపించడం కష్టమవుతుంది. ఇంకొకటి, బిడ్డ నమ్మి తినేది పెరుగన్నం ఒక్కటే అయితే ప్రయోగం దాని మీద చేయకండి. ఒకసారి అనుమానం వస్తే ఆ ఒక్కటీ మానేస్తుంది. "అమ్మా, ఇందులో ఏం వేశావ్?" అని అడిగితే "గుమ్మడికాయ, బంగారం" అని చెప్పేయండి. తినే వస్తువుల సంఖ్య నెలనెలా తగ్గిపోతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, బరువు ఆగిపోయినా గుజ్జుతో నెట్టుకురాకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

దాచడం, చూపించడం రెండూ ఒకే గిన్నెలో జరిగే వంట హైదరాబాద్‌లోనే ఉంది. బగారా అన్నంతో పెట్టే దాల్చా. మాంసం లేకుండా చేసుకునేటప్పుడు శనగపప్పు 100 గ్రాములకు లేత సొరకాయ 400 గ్రాములు తీసుకుని, రుచి చూసి, ముక్కలు కోసి ఆవిరి మీద ఉడికించండి. సగం ముక్కలు మెదిగిన పప్పులో రుబ్బి కలపాలి, మిగతా సగం చింతపండు రసం పడ్డాక అలాగే వేయాలి. పిల్లల గిన్నెలో ముక్క ఒక్కటే, బొటనవేలి గోరంత, పైకి కనబడేట్టు ఉంచండి. తినమని బతిమాలొద్దు, తీసేయనూ వద్దు. గిన్నె ఖాళీ అయి ఆ ఒక్క ముక్క అంచున మిగిలితే మిగలనివ్వండి. వచ్చే వారం దాల్చా చేసినప్పుడు మళ్లీ ఒకటి వేయండి.