తండ్రిపై కూతురు పాడే వేదనా గీతాలు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో లలిత సంగీతం నేర్పుతున్న నా వద్దకు, తండ్రితో పొసగని కూతుళ్ళ గురించిన ఇంగ్లీషు పాప్ బల్లాడ్లు (నిదానంగా సాగే భావగీతాలు) విని, అటువంటి పాటను తెలుగులో పాడాలని కోరుతూ అమ్మాయిలు వస్తుంటారు. వారి మాటల్లో తరచుగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ఏడుస్తూ పాడితేనే బాధ పలుకుతుంది.

వాస్తవం: ఏడుపు వచ్చినప్పుడు గొంతు బిగుసుకుంటుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, ఊపిరి తెగి తెగి వస్తుంది. బల్లాడ్ నడక నిమిషానికి 60 దెబ్బలైతే, నాలుగు దెబ్బల ఆవర్తాలు రెండు కలిసిన పాదానికి 8 సెకన్ల ఊపిరి కావాలి. నా విద్యార్థిని ఒకామె ప్రతిసారీ "నాన్నా" అన్న చోటే ఆగిపోయేది. ద్విత్వ నకారం పలికేటప్పుడు నోటి దారి మూసుకుని నాదం ముక్కులోకి మళ్ళుతుంది. అప్పటికే బిగుసుకున్న గొంతుకు అది మరీ కష్టం. ఆ మాటకు ముందే ఊపిరి తీసుకుని, నకారాన్ని తాకీ తాకనట్టు పలికి, దీర్ఘం మీద నిలవమని చెప్పాను. మూడో రోజుకు పాదం తెగకుండా వచ్చింది. వెనుక కూర్చున్న ఆమె తల్లి తలవంచుకుని చాప అంచు సవరిస్తూ ఉండిపోయింది.

అపోహ: ఇది తండ్రిని నిందించే పాట.

వాస్తవం: నిందించదలచినవారు ఆయన గురించి పదిమందికి చెప్పుకుంటారు, ఈ పాటలు చాలావరకు "నువ్వు" అంటూ ఆయనతోనే మాట్లాడతాయి. ఆ అమ్మాయి మొదట "నువ్వు మారవు" అని నాలుగుసార్లు రాసుకొచ్చింది. తరువాత వాటిని కొట్టివేసి, "నీ చెప్పుల చప్పుడు వినగానే దీపం ఆర్పేదాన్ని" అని రాసింది. ఆ పాదంలో భయమూ ఉంది, ఆయన రాకకై చెవి ఒగ్గి కూర్చున్న పసిపిల్లా ఉంది.

అపోహ: మనసులో పొంగినది పొంగినట్టు రాస్తే చాలు.

వాస్తవం: తల్లిదండ్రుల విడాకుల గాయం గురించి అమెరికన్ గాయని కెల్లీ క్లార్క్‌సన్ 16 ఏళ్ళ వయసులో రాసిన 'బికాజ్ ఆఫ్ యూ' పాట, ఇద్దరు సహరచయితల చేయి పడిన తరువాతే 2004 నాటి ఆల్బమ్‌లోకి వచ్చింది.

అపోహ: శాస్త్రీయ సంగీతం నేర్చిన గొంతు ఇటువంటి పాటకు పనికిరాదు.

వాస్తవం: 1919లో మా ఊళ్ళో నెలకొన్న సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల గారు, సుశీల గారు సినిమా పాటలో ఎంత మెత్తని విషాదాన్ని పలికించారో తెలుగువారందరికీ తెలుసు. గమకాలను, అంటే స్వరాన్ని ఊపి పలికే అలంకారాలను, మాత్రం అదుపులో ఉంచుకోవాలి. "ఎందుకు రాలేదు" అన్న మాట మీద సంగతులు (ఒకే పాదాన్ని రకరకాలుగా మలిచి పాడటం) వేస్తే, వినేవారు ఆ ప్రశ్నను వదిలేసి గొంతును మెచ్చుకుంటారు.