బోర్డు మార్చినంతలో డబ్బు మిగులుతుందా?

పిల్లలూ,

ప్రభుత్వ ఆఫీసుల్ని కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని అడిగారు. తగ్గుతుంది గానీ, ఆలస్యంగా తగ్గుతుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఏడాదికి 100 రూపాయలు ఖర్చయ్యే ఆఫీసులు రెండున్నాయనుకోండి. ఒక్కోదానిలో జీతాలకు 70, అద్దె, కరెంటు, జీపులకు 10, సామాన్లకు 20. రెంటినీ కలిపి ఒక బిల్డింగు ఖాళీ చేస్తే అద్దెల 20 కాస్తా 14 అవుతుంది. వీధిదీపాలూ బ్లీచింగ్ పౌడరూ ఒకే టెండరులో కొంటే రేటు దిగి, సామాన్ల 40 కాస్తా 36కి వస్తుంది. 200లో మిగిలింది 10. జీతాల 140 మాత్రం కదలదు. ఒక ఇంజనీరు చాలన్నా రెండో ఆయన్ని ఇంటికి పంపరు. కర్ణాటకలో 60 ఏళ్ళకు రిటైరయ్యేదాకా ఉంటారు. ఆ ఖాళీని మళ్ళీ నింపకపోతేనే ఆదా. పైగా తక్కువ స్కేలువాళ్ళు "ఒకే పని చేస్తూ జీతం మాత్రం వేరా?" అంటారు. అడగడంలో తప్పేముంది! స్కేలు పైకే సర్దాలి. సీనియారిటీ లిస్టు మీద కోర్టు కేసులు పడితే అవి తేలేదాకా ప్రమోషన్లు ఆగుతాయి. మొదట్లో ఖర్చు పెరిగినా ఆశ్చర్యపోకండి.

మన బెంగళూరునే చూడండి. 2007లో పాత మహానగర పాలికెకు, అంటే కార్పొరేషన్‌కు, ఏడు నగరసభలు, కెంగేరి పురసభ, 110 పల్లెలు చేర్చి బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) చేశారు. కె.ఆర్.పురం, మహదేవపుర, యలహంక అప్పటిదాకా వేరే నగరసభలు. బోర్డులకు రంగు మార్చడం ఒక్కరోజు పని. చిక్కంతా రిజిస్టర్లతోనే. పంచాయతీ ఇంటి లెక్క ఒక తీరు, నగరసభది ఇంకో తీరు, పాలికెది మూడో తీరు. ఒకే ఇల్లు రెండు పుస్తకాల్లో రెండు కొలతలతో ఉంటే ఏది నమ్మాలి? అది తేలేదాకా పన్ను ఆపలేరు కదా. అందుకని అనుమతులు సరిగ్గా లేనివాటిని వేరే రిజిస్టరులో ఎక్కించి వసూలు చేశారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు తలపట్టుకునే 'బీ ఖాతా' అదే.

నీళ్ళ సంగతి ఇంకోటి. కార్పొరేషన్ పెరిగింది గానీ నీళ్ళిచ్చేది 1964 నుంచీ వేరుగా ఉన్న జలమండలి. ఆ 110 పల్లెల కోసం తలపెట్టిన కావేరి నీటి పథకం ఐదో దశ, రోజుకు 77.5 కోట్ల లీటర్లది, 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అంటే ఊళ్ళు కాగితం మీద కలిసిన 17 ఏళ్ళకు.

కొన్నిచోట్ల కలపకుండానే డబ్బు మిగులుతుంది. నా దృష్టిలో అసలు ఆదా అక్కడే. కార్పొరేషన్ తారు వేసిన నెలకే జలమండలి తవ్వుతుంది, ఆ గుంత పూడ్చీ పూడ్చకముందే కేబులు కోసం కరెంటు సంస్థ బెస్కాం తవ్వుతుంది. ఒకే రోడ్డుకు మూడుసార్లు బిల్లు! ముగ్గురికీ ఒకే మ్యాపు, ఒకే అనుమతి ఇచ్చి, ముందు పైపు, తర్వాత కేబులు, చివర తారు అని వరస పెడితే చాలు. అలాగే 5,000 రూపాయల రిపేరు ఫైలు ఆరు టేబుళ్ళు తిరగక్కర్లేదు. ఆపాటి మంజూరు అధికారం కింది ఇంజనీరుకే ఇవ్వొచ్చు, తర్వాత ఆడిట్ ఉండనే ఉంది.

ఇప్పుడు లెక్క తిరగబడింది. 2025 సెప్టెంబరులో ఆ ఒక్క బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఐదుగురు కమిషనర్లు, ఐదు అకౌంట్స్ విభాగాలు. ఖర్చు పెరిగిందో లేదో మీరే చూడొచ్చు. ఐదు బడ్జెట్ పుస్తకాల్లోనూ జీతభత్యాల పద్దు వెతికి, కూడి, బీబీఎంపీ చివరి బడ్జెట్ పక్కన పెట్టండి. కూడేటప్పుడు పెన్షన్లు మర్చిపోకండి, అవి చాలాసార్లు వేరే పద్దు కింద ఉంటాయి.

మీ తాతయ్య