పశువు చెవి ట్యాగు కోయకండి: అపోహలు – వాస్తవాలు

పశువుల నోట్లో, గిట్టల్లో పుండ్లు పెట్టే గాలికుంటు రోగానికి టీకాల విడత మొదలైందంటే మా పశువుల ఆస్పత్రి పరిధిలో ఒకటి ఖాయం. మేం ఐస్ పెట్టె, ట్యాగుల సంచి పట్టుకుని ఊళ్లోకి అడుగుపెట్టేసరికి సగం గేదెలు కాలవ గట్టు ఎక్కేసి ఉంటాయి. ఇంటి దగ్గర దొరికిన వాళ్లేమో "డాక్టరు గారూ, సూది వేయండి, ట్యాగు మాత్రం వద్దండీ" అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్న గేదె చెవికి చిల్లు పెడతామంటే ఎవరికైనా మనసొప్పదు. ఆ భయాన్ని ఆసరా చేసుకుని వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు తిప్పేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. వాళ్లకు పోయేదేమీ లేదు. పోయేదంతా పాలమ్ముకుని బతికేవాళ్లకే.

అపోహ: టీకా అయిపోయాక ట్యాగు కోసేస్తే నష్టమేమీ లేదు

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇది. మిగతావన్నీ నమ్మినా కాసేపు కంగారు పడి ఊరుకుంటారు. ఇది నమ్మితే డబ్బు పోతుంది, ఒక్కోసారి పశువే పోతుంది.

ముందు డబ్బు సంగతి. పశువుల బీమాలో పాటించే నియమం ఒక్కటే: ట్యాగు లేకపోతే పరిహారం లేదు. పాలసీ ఇచ్చేది మీ పేరు మీద ఉన్న "ఒక నల్ల ముర్రా గేదె"కు కాదు, చెవికి ఫలానా 12 అంకెల నంబరున్న గేదెకు. ఒక ఊళ్లో నల్ల ముర్రాలు వంద ఉంటాయి. చచ్చింది బీమా చేసిందేనని చెప్పడానికి చెవిలో ఉన్న ఆ నంబరు తప్ప మరో దిక్కు లేదు. బీమా చేసేటప్పుడు తీసే ఫోటోలో ట్యాగు కనపడాలి. చనిపోయాక తీసే ఫోటోలోనూ కనపడాలి. పోస్ట్‌మార్టం రిపోర్టులో మేం రాసే నంబరు ఈ రెంటితో సరిపోవాలి.

కిందటి వానాకాలం ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. పందుల కోసం ఎవరో చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ తగిలి గేదె పడిపోయిందన్నారు. వెళ్లేసరికి ప్రాణం లేదు. మూడో ఈత గేదె, రెండు పూటలా పాలిచ్చేది. ఆ ఇంట్లో పెద్దావిడ, కొడుకు, కోడలు. బీమా ఉందని కాగితం తెచ్చి చూపించారు. చెవి ఎత్తి చూశాను. మధ్యలో నున్నగా మానిపోయిన చిల్లు ఉంది, ట్యాగు లేదు. కోడలు లోపలికెళ్లి బట్టల సబ్బు పెట్టెలోంచి ట్యాగు తెచ్చి నా చేతిలో పెట్టింది. కాడను కటింగ్ ప్లేయరుతో తుంచేశారు, రెండు ముక్కలూ విడివిడిగా ఉన్నాయి. "ట్యాగున్న గేదెకు సంతలో బేరం రాదన్నారండీ, అందుకే కోసేశా" అన్నాడు కొడుకు తల దించుకుని. పెద్దావిడ ఆ ముక్కను నా కళ్ల దగ్గరికి తెచ్చి, "నంబరు ఇదిగో ఉంది కదయ్యా, ఇదే రాయండయ్యా" అంది.

ఏం రాయను? చేతిలో ఉన్న ట్యాగు ఏ పశువుదైనా కావచ్చు. చెవికి చిల్లు ఉంది, ట్యాగు చెవికి లేదు అని ఉన్నదున్నట్టు రాశాను. క్లెయిము తిరస్కరించారు. ఆ గేదెను కొనడానికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదని తర్వాత తెలిసింది. ట్యాగున్న గేదెకు బేరం రాదని చెప్పిన ఆ బేరగాడు మాత్రం మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో పశువుల బీమా నిబంధనలు మార్చింది. ఇప్పుడు ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే, మిగతాది కేంద్రం, రాష్ట్రం కలిసి కడతాయి. ఇంత తేలిక చేశాక కూడా పరిహారం అందకపోవడానికి ఒక కోత చాలు.

ఇక పశువు ప్రాణం సంగతి. ఈసుడు రోగానికి, అంటే బ్రూసెల్లోసిస్‌కు, 4 నుంచి 8 నెలల లోపు పెయ్య దూడలకు జీవితంలో ఒక్కసారే టీకా వేస్తాం. అది బతికున్న క్రిముల టీకా. చూడి పశువుకు పొరపాటున వేస్తే ఈసుకుపోవచ్చు, అంటే కడుపు పోవచ్చు. ట్యాగు కోసేసిన పడ్డను రెండేళ్ల తర్వాత మా ముందు నిలబెట్టి "దీనికి వేశారో లేదో గుర్తులేదండీ" అంటే మేం ఏం చేయాలి? రక్తం తీసి పరీక్షిద్దామన్నా, టీకా వేయించుకున్న పశువుకు కూడా కొన్నిసార్లు రోగం ఉన్నట్టు ఫలితం వస్తుంది. తేడా చెప్పేది మా టీకాల రికార్డు, రికార్డుకు తాళంచెవి ఆ నంబరు. పైగా ఈ రోగం పశువుతో ఆగదు. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో తీసినవాళ్లకు, పచ్చిపాలు తాగినవాళ్లకు అంటుకుంటుంది. విడవని జ్వరం, కీళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి బాధపడే పాడి రైతులున్నారు.

ఇంకో మాట చాలామందికి తెలియదు. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం టీకా వేసిన పశువుకు పెట్టిన గుర్తును తీసేయకూడదు. చట్టం పేరు చెప్పి భయపెట్టడం నాకిష్టం లేదు. అయినా "ఇది మా ఇష్టం" అనుకునేవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

ట్యాగు దానంతటదే ఊడిపోతే? కంచెకు తగులుకుని చిరిగిపోతే? అది మీ తప్పు కాదు, కంగారు పడకండి. అదే రోజు చెవి కనపడేలా ఫోటో తీసి పెట్టుకోండి. పాత ట్యాగు దొరికితే దాచండి. ఆస్పత్రికి వచ్చి కొత్తది వేయించుకోండి. బీమా ఉంటే పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసి బీమా కంపెనీకి కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటి మాటగా చెప్పి ఊరుకోవద్దు.

అపోహ: ప్రభుత్వం ట్యాగు వేసిందంటే బీమా చేసినట్టే

కాదు. టీకాల కోసం వేసే పసుపు ట్యాగు గుర్తింపు మాత్రమే. ప్రీమియం కట్టి, పాలసీ కాగితం చేతికొస్తేనే బీమా.

అపోహ: చెవి కుళ్లిపోతుంది

ఇందులో కొంత నిజముంది, కాదంటే నేను అబద్ధమాడినట్టే. చెవి మధ్యలో, రెండు పెద్ద రక్తనాళాల నడుమ, శుభ్రమైన అప్లికేటరుతో, అంటే ట్యాగు గుచ్చే పనిముట్టుతో, వేస్తే పుండు మామూలుగా దానంతటదే మానుతుంది. ఆదరాబాదరాగా చెవి అంచుకు వేస్తే చిరుగుతుంది. నాళానికి తగిలితే రక్తం కారుతుంది. వానాకాలంలో ఈగలు వాలితే పురుగు పడుతుంది. ట్యాగు వేసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి, అంచుకు వేస్తుంటే ఆపి అడగండి. అడిగే హక్కు మీకుంది. తర్వాత రోజూ ఓసారి చెవి చూసి వేపనూనె, పసుపు రాయండి. వాపు, దుర్వాసన కనిపిస్తే మా దగ్గరికి తీసుకురండి. మందు రాస్తే తగ్గే పుండుకు ట్యాగు పీకేస్తే పుండు పెద్దదవుతుంది.

అపోహ: ట్యాగు వేస్తే పాలు తగ్గుతాయి

తగ్గేది టీకా వల్ల, అదీ రెండు మూడు రోజులే. సూది పడ్డాక కొన్ని పశువులకు కాస్త జ్వరం వస్తుంది, మేత తగ్గిస్తాయి. ట్యాగు కూడా అదే రోజు వేస్తాం కాబట్టి నింద దాని మీద పడుతుంది. గాలికుంటు వస్తే ఆ ఈత పాలు చాలావరకు పోవచ్చు. నోట్లో, గిట్టల్లో పుండ్లతో ఒక్క పరక నమలలేక నిలబడే గేదెను చూసినవాళ్లెవరూ రెండు రోజుల పాల గురించి మాట్లాడరు.

అపోహ: పశువులు లెక్కకెక్కితే రేషన్ కార్డు పోతుంది, పింఛను ఆగుతుంది

ఈ భయంతో నిద్ర పట్టనివాళ్లలో ఒంటరి ఆడవాళ్లే ఎక్కువ. ఒక గేదె, ఒక పింఛను, వాటిమీదే బతుకు. వాళ్లకు సూటిగా చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో అర్హత చూసే ఆరంచెల పరిశీలనలో భూమి, నాలుగు చక్రాల బండి, కరెంటు వాడకం, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణంలో స్థలం లాంటివి ఉన్నాయి. గేదెలు లేవు. టీకా కార్యక్రమంలో వేసే ట్యాగుకు మీరు పైసా కట్టక్కర్లేదు.

అలాగని ఈ అనుమానాలన్నీ గాలిలోంచి పుట్టాయని నేను అనను. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో కేంద్రం ఒక కమిటీ సిఫార్సులు పెట్టింది. ఆవులకూ దూడలకూ గుర్తింపు నంబర్లు ఇవ్వాలన్నది అందులో ఒకటి, సందర్భం ఆవుల అక్రమ రవాణా. ట్యాగును చూస్తే కొందరికి వైద్యం కాకుండా పోలీసు గుర్తుకు రావడానికి అదొక కారణం. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో ఒకే ట్యాగు నంబరును మళ్లీ మళ్లీ వాడినట్టు ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. జనం నమ్మకం ఊరికే పోలేదు. ఊళ్లోకి వచ్చి, ఎందుకో ఒక్క ముక్క చెప్పకుండా, టార్గెట్ అయిపోవాలని చెవులు పట్టుకుని చిల్లులు పెట్టుకుంటూ పోతే వ్యతిరేకత పెరగక ఏమవుతుంది? ట్యాగు వేసే ముందు రైతు ఇంటి అరుగు మీద ఐదు నిమిషాలు కూర్చుని చెప్పడం కూడా మా ఉద్యోగంలో భాగమేనని నా గట్టి అభిప్రాయం. మీ పేరు, ఫోను నంబరు రికార్డులోకి ఎక్కుతాయి. ఏమేం రాసుకున్నారో చూపించమని అడగండి, చూపించాలి.

అపోహ: ట్యాగులో చిప్ ఉంది, ఎక్కడున్నా కనిపెడతారు

ఆ పసుపు ట్యాగు ప్లాస్టిక్ ముక్క. దాని మీద అంకెలు, బార్‌కోడ్. బ్యాటరీ లేదు, సిగ్నల్ లేదు.

అపోహ: ఈ బలవంతం మన దేశంలోనే

అమెరికాలో ఇంతకంటే పెద్ద గొడవ జరిగింది. అక్కడి వ్యవసాయ శాఖ 2004లో పశువుల గుర్తింపు పథకం మొదలుపెడితే చిన్న రైతులు, మత విశ్వాసం పేరిట ఆమిష్ అనే క్రైస్తవ వర్గం వాళ్లు ఎదురు తిరిగారు. ఖర్చంతా మా నెత్తిన పడుతుంది, లాభం పెద్ద కంపెనీలకు పోతుంది అన్నది వాళ్ల వాదన. 2010లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తర్వాత 2013లో రాష్ట్రాల సరిహద్దు దాటే పశువులకు పరిమితం చేసి కొత్త నిబంధన తెచ్చారు. 2024 నవంబరు నుంచి ఆ పశువుల్లో కొన్ని రకాలకు ఎలక్ట్రానిక్ ట్యాగు తప్పనిసరి అయింది. బ్రిటన్‌లో 2001లో గాలికుంటు వచ్చినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. రోగం ఏ మంద నుంచి ఏ మందకు పోయిందో త్వరగా తెలియకపోతే ఏమవుతుందో అక్కడ చూశారు. అమెరికా రైతుల వాదనలో న్యాయముందనే నేనంటాను, ఖర్చు రైతు మీద వేయకూడదు. మన దగ్గర ఈ ట్యాగు, టీకా రెండూ ఉచితం. 2019 సెప్టెంబరులో మథురలో మొదలైన పశురోగాల నివారణ జాతీయ కార్యక్రమం కింద వాటి ఖర్చు ప్రభుత్వమే భరిస్తోంది.

అపోహ: పశువును అమ్మేస్తే ట్యాగుతో మన సంబంధం తీరిపోయింది

తీరలేదు. మీరు చెప్పి మార్పిస్తే తప్ప రికార్డులో యజమానిగా మీ పేరే ఉంటుంది. కొన్నవాళ్లకు అది ఇంకా ముఖ్యం. పాత యజమాని పేరు మీదున్న గేదెకు బీమా చేయించబోతే అక్కడే చిక్కు. ఇద్దరూ ఫోను నంబర్లతో ఆస్పత్రికి వస్తే అప్పటికప్పుడు మార్చేస్తాం. సంతలో కొనేముందు ట్యాగు నంబరు నాకు ఫోనులో చదివి చెప్పేవాళ్లు ఈమధ్య మా మండలంలో పెరిగారు. టీకాలు, సెమన్ ఇంజెక్షన్ వివరాలు రికార్డులో ఎక్కించి ఉంటే చూసి చెబుతాను. మూడు నెలల చూడి అని అమ్మేవాడు చెబుతుంటే రికార్డులో ఇంజెక్షను వేసి నెలన్నరే అయిన సందర్భాలున్నాయి. ఆ ఒక్క ఫోనుతో వేలల్లో బేరం దిగింది.