తాళంచెవి జేబులో ఉంటే ప్రొపెల్లర్ పడుకున్నట్టేనా?

భోగాపురం విమానాశ్రయం మాట మొదలైన దగ్గర్నుంచి మన విశాఖలో చిన్న విమానాల మీద మోజు పెరిగింది. పైలట్ శిక్షణకు వెళ్ళే పిల్లలు, మైక్రోలైట్ (బాగా తేలికైన చిన్న విమానం) కొందామనుకునేవాళ్ళు, కిట్ తెప్పించి షెడ్డులో బిగించుకుందామనే ఉత్సాహవంతులు, ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు: "సార్, తాళంచెవితో స్టార్టయ్యేది మంచిదా, బటన్‌దా?" అడగడంలో తప్పేం లేదు. ఆ ప్రశ్న వెనక పెట్టుకున్న నమ్మకాలతోనే నా గొడవంతా.

అపోహ: తాళంచెవి ఆఫ్‌లో పెట్టి జేబులో వేసుకుంటే ప్రొపెల్లర్‌ని ఎలాగైనా ముట్టుకోవచ్చు.

వాస్తవం: ముట్టుకోకూడదు. కింద రాసినవన్నీ మర్చిపోయినా ఏం కాదు గానీ, ఇదొక్కటీ మర్చిపోకండి.

కారులో బ్యాటరీ కరెంటు అందితేనే స్పార్క్. తాళం తిప్పి ఆ కరెంటు తెంపితే ఇంజిన్ ఆగుతుంది. వైరు దానంతటది తెగినా ఆగుతుంది. స్పార్క్ కోసం మాగ్నెటోలనే రెండు చిన్న జనరేటర్లు పెట్టుకున్న లైకమింగ్, కాంటినెంటల్ కంపెనీల విమాన ఇంజిన్లలో వ్యవహారం దీనికి తలకిందులు. లోపల అయస్కాంతం తిరిగితే చాలు, మాగ్నెటో తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. మాస్టర్ స్విచ్ ఆపినా, బ్యాటరీ పీకి పక్కన పెట్టినా దానికి పట్టదు. దాని నోరు నొక్కాలంటే పీ-లీడ్ అనే వైరు ద్వారా ఎర్త్ చెయ్యాలి. మీరు స్విచ్ ఆఫ్‌లో పెట్టినప్పుడు జరిగేది అదే. ఆ వైరు తెగినా, బిగింపు వదులైనా, స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగినా ఎర్తింగ్ పోతుంది, మాగ్నెటో బతికే ఉంటుంది. అరిగిపోయిన స్విచ్చుల్లో తాళంచెవి ఆఫ్‌కి రాకుండానే ఊడొచ్చేస్తుంది కూడా. బటన్, టాగుల్ స్విచ్చులు (పైకీ కిందికీ వేసే చిన్న మీటలు) ఉన్న విమానానికీ ఇదే సూత్రం. పాత చేతక్ స్కూటర్ నడిపినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కిల్ స్విచ్ వైరు ఊడితే బండి ఆగేది కాదు, గేరులో వేసి క్లచ్ వదిలి ఆపేవాళ్ళం.

పైగా ఇంపల్స్ కప్లింగ్ ఒకటుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా గట్టి స్పార్క్ రావాలని పెట్టిన స్ప్రింగు అది. ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే "టక్"మని వినిపించే చప్పుడు దానిదే. మీ చెయ్యి వేగానికి సరిపడా స్పార్క్ ఇవ్వడమే దాని పని. సిలిండర్లో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే ఒక్క కాల్పు చాలు.

నేను పనిచేసిన ఒక హ్యాంగర్‌లో, ఊరి పేరు ఎందుకులెండి, కుర్రాడొకడు టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ) తగిలించడానికి అడ్డొస్తోందని ప్రొపెల్లర్‌ని పక్కకి నెట్టాడు. ఇంజిన్ ఒక్క దగ్గు దగ్గి, రెక్క అర చుట్టు తిరిగి ఆగింది. వాడు అప్పటికే టో బార్ కోసం కిందికి వంగాడు కాబట్టి బతికిపోయాడు. తాళంచెవి ఆఫీసు గోడకి మేకుకి వేలాడుతోంది. విప్పి చూస్తే పీ-లీడ్ పై తొడుగు నిగనిగలాడుతోంది, మాగ్నెటో దగ్గర స్క్రూ బిగువుగానే ఉంది. తొడుగు కోస్తే లోపల రాగి పోగులు చిలుం పట్టి పచ్చగా ఉన్నాయి, టెర్మినల్ మొదట్లో అన్నీ తెగిపోయాయి. మనలాంటి సముద్రపు గాలి ఊళ్ళో ఇది వింతేం కాదు. ఆ కుర్రాడు మర్నాడు కూడా "తాళం తీసే ఉంది మాస్టారూ" అనే అంటున్నాడు. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు, వాడికెవరూ చెప్పలేదంతే.

ఇక్కడ పిల్లలకి ఇంకో అలవాటు. బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం దగ్గర ఫొటోలు దిగీ దిగీ, ఏ విమానం కనిపించినా ప్రొపెల్లర్ మీద చెయ్యేసి నిలబడతారు. టీయూ-142 టర్బోప్రాప్, అంటే టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే రకం, అందులో మాగ్నెటో ఉండదు. పైగా 2017లోనే రిటైరైంది. ఎయిర్‌ఫీల్డులో ఉన్న చిన్న సెస్నా విమానం రిటైర్ కాలేదు బాబూ!

మరి కనిపెట్టడం ఎలా? ఇంజిన్ ఆపేముందు ఐడిల్‌లో ఉంచి, స్విచ్‌ని ఒక్క క్షణం ఆఫ్‌కి తెచ్చి వెంటనే బోత్‌కి (రెండు మాగ్నెటోలూ పనిచేసే స్థానానికి) తిప్పండి. ఇంజిన్ చావబోయినట్టు తడబడాలి. తడబడకపోతే ఎర్తింగ్ లేనట్టే. అప్పుడు మిక్స్చర్ మీట (ఇంజిన్‌కి పెట్రోలు తెంపేది) లాగి ఆపి, ప్రొపెల్లర్‌కి హెచ్చరిక బోర్డు తగిలించి ఇంజనీర్‌ని పిలవండి. ఆఫ్‌లో ఎక్కువసేపు ఉంచకండి, మండని పెట్రోలు సైలెన్సర్‌లో పేలుతుంది. బెండిక్స్ కంపెనీ ఇగ్నిషన్ స్విచ్చులకి ప్రతి 100 గంటలకోసారి ఇలాంటి పరీక్ష చెయ్యాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1976లోనే ఆదేశం ఇచ్చింది. అయినా ఈ రోజుకీ "ఇదెప్పుడూ వినలేదు సార్" అనేవాళ్ళు తగులుతూనే ఉంటారు.

దీని తోబుట్టువే ఇంకో అపోహ: రన్-అప్‌లో (ఎగిరేముందు నేలమీద చేసే ఇంజిన్ పరీక్షలో) ఆర్‌పీఎమ్ అసలు తగ్గకపోతే మాగ్నెటో బ్రహ్మాండంగా ఉన్నట్టు. సెస్నా 172ఎస్‌లో 1800 దగ్గర ఒక్కో మాగ్నెటో మీద పెట్టి చూసినప్పుడు 150కి మించి తగ్గకూడదు, రెంటికీ తేడా 50 దాటకూడదు. అంతేగానీ ఏమీ తగ్గకపోతే సంబరపడకండి. మీరు ఆపాననుకున్న మాగ్నెటో ఆగలేదేమో చూసుకోండి.

అపోహ: తాళమైనా బటనైనా స్టార్ట్ చేసే పద్ధతి ఒకటే.

వాస్తవం: ఒకటి కాదు, అసలు తేడా ఇక్కడే ఉంది. చాలా ఇంజిన్లలో ఇంపల్స్ కప్లింగ్ ఎడమ మాగ్నెటోకే ఉంటుంది. తాళాన్ని స్టార్ట్‌కి తిప్పితే స్విచ్ వెనకున్న జంపర్ అనే చిన్న లింకు కుడి మాగ్నెటోని తనంతట తనే ఎర్త్ చేస్తుంది. బటన్, రెండు టాగుల్స్ ఉన్నచోట ఆ పని మీదే. ఎడమది ఒక్కటే వేసి బటన్ నొక్కాలి, ఇంజిన్ అందుకున్నాక కుడిది వెయ్యాలి. మర్చిపోయి రెండూ వేసి నొక్కితే కుడిది పిస్టన్ ఇంకా పైకి రాకముందే, 20 - 25 డిగ్రీల ముందే కాల్చేస్తుంది. ఇంజిన్ వెనక్కి తంతుంది, స్టార్టర్ మూతి పగులుతుంది. ఆ తర్వాత "బటన్ సిస్టమ్ దండగ" అని ప్రచారం మొదలవుతుంది. రెండు మాగ్నెటోలకీ ఇంపల్స్ ఉంటే ఈ బాధ లేదు, మీ ఇంజిన్ ఏదో మాన్యువల్ తెరిచి చూసుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బటన్ కొత్త ఫ్యాషనేం కాదు, తాళం రాకముందు కూడా విడి మాగ్నెటో స్విచ్చులూ, స్టార్టర్‌కి విడిగా ఓ మీటో బటనో ఉండేవి. తాళం ఉంటే దొంగలు ఎత్తుకుపోరనేది ఉత్తమాట, దానికి థ్రాటిల్ లాక్, ప్రొపెల్లర్ లాక్ ఉన్నాయి. మన దేశపు శిక్షణ విమానం హన్సా-3లాగా రోటాక్స్ కంపెనీ ఇంజిన్ ఉన్నవాటికి మాగ్నెటోలు లేవు కదా అంటారు. నిజమే, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనే. రోటాక్స్ 912లో క్రాంక్ 220 ఆర్‌పీఎమ్ అందుకుంటే గానీ స్పార్క్ రాదు. కానీ దాన్ని ఆపేదీ ఎర్త్ చేసే వైరే, కాబట్టి ప్రొపెల్లర్ దగ్గర మర్యాద అక్కడా తప్పదు.

గాజువాక నుంచి ఒకావిడ ఫోన్ చేశారు, కొడుకు శిక్షణకి వెళ్తున్నాడట. "గాల్లో ఉండగా మోచెయ్యి తగిలి బటన్ నొక్కుకుపోతే ఇంజిన్ ఆగిపోతుందా బాబూ?" ఆగదమ్మా. స్టార్టర్‌కీ ఆపడానికీ సంబంధం లేదు, మహా అయితే పళ్ళు రాసుకుని గేరు పాడవుతుంది. అందుకే బటన్‌కి మూత పెట్టమంటాం.

ఇంతకీ నా ఓటు దేనికంటారా? రోజుకో కుర్రాడు చెయ్యి మార్చే శిక్షణ విమానానికి తాళమే, ఆ జంపర్ పుణ్యమా అని. ఒక్కరే నడుపుకునే కిట్ విమానానికి బటన్, మంచి రకం టాగుల్స్, స్టార్టర్ వదల్లేదని చెప్పే లైటు. సర్టిఫికెట్ ఉన్న విమానంలో తాళం పీకి బటన్ పెట్టించాలంటే మాత్రం ముందు ఆమోదించిన మాడిఫికేషన్ కాగితాలు చేతిలో ఉండాలి. కారు యాక్సెసరీల షాపులో కొన్న బటన్ పట్టుకుని నా దగ్గరికి రాకండి, వెనక్కి పంపించేస్తాను.