థిన్నర్‌లోనూ చావని బ్యాక్టీరియా

చిత్తూరులో పెయింట్ల షాపు నడిపే ఒకాయన అడిగారు: "థిన్నర్‌లో ఏ పురుగూ బతకదు కదా సార్, బ్యాక్టీరియా కూడా అంతేనా?"

చాలావాటికి అంతే. థిన్నర్లలో తరచూ ఉండే టోలుయీన్ 0.1 శాతం కలిసినా చాలా సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కానీ 1989లో జపాన్ శాస్త్రవేత్తలు ఇనోయె, హోరికోషి సగానికి సగం టోలుయీన్ పోసినా పెరిగే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను చూపించారు.

టోలుయీన్ కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలోకి దూరి దాన్ని వదులు చేస్తుంది. (సూక్ష్మజీవులు చస్తాయని గాయానికి కిరోసిన్ పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందులోని పొడవాటి హైడ్రోకార్బన్లు నీళ్లలో దాదాపు కరగవు, అందుకే పొరలోకి చాలినంత చేరవు. మండేది మన చర్మమే.) చేరిన టోలుయీన్‌ను చేరినట్టే బయటికి తోసేవి పొరలోని ప్రోటీన్ పంపులు.

వీటి పనితీరు తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కూర్చున్నవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. ఈ పంపుల కుటుంబంలో బాగా తెలిసినది పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియాలోని ఏసీఆర్‌బీ. ఒకే రకం ప్రోటీన్లు మూడు కలిసిన గుత్తి అది. 2006లో దాని నిర్మాణం చూస్తే మూడూ మూడు తీరుల్లో ఉన్నాయి: ఒక కంపార్ట్‌మెంట్‌లోకి అణువులు వస్తున్నాయి, రెండోది నిండి తాళం పడింది, మూడోది అవతలి గేటు తీసింది. తర్వాత వంతులు మారతాయి. ఈ బ్యాక్టీరియాలకు పొరలు రెండు; వదిలినవి టోల్‌సీ అనే ప్రోటీన్ సొరంగంలోంచి బయటి పొర కూడా దాటిపోతాయి. వెనక్కి దారి లేదు. కాకపోతే తిరుమలలో లోపలికి పంపుతారు, ఇక్కడ బయటికి గెంటుతారు. పైగా టికెట్టూ ఆధారూ ఎవరూ అడగరు: కాస్త జిడ్డు స్వభావముంటే చాలు, సాల్వెంటైనా, పైత్యరస లవణమైనా, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అయినా సరే. గేటు తిప్పేది బయటి నుంచి లోపలికొచ్చే ప్రోటాన్. బడిలో కణత్వచమంటే రెండు గీతలు గీయించి వదిలేస్తాం, వాటి మధ్య ఇంత రద్దీ!

చిక్కేమిటంటే టోలుయీన్ వదులు చేసిన పొరలోంచి ప్రోటాన్లు గేటు తిప్పకుండానే ఊరికే లోపలికి కారిపోతాయి. పంపు నడవాల్సినప్పుడే దానికి కరెంటు పోయినట్టు. అందుకే సూడోమోనాస్ పుటిడా ఇంకో పని కూడా చేస్తుంది. సీటీఐ అనే ఎంజైము పొరలోని కొవ్వు ఆమ్లాల సిస్ (వంగిన) రూపాన్ని నిమిషాల్లోనే ట్రాన్స్ (తిన్నని) రూపంగా సరిచేసి పొరను బిగిస్తుంది.

ఈ పుటిడాలోనే స్పెయిన్‌లో పరిశోధించిన డాట్-టీ1ఈ అనే రకానికి ఇలాంటి పంపులు మూడున్నాయి. వాటిలో టీటీజీఏబీసీ అనే పంపు యాంటీబయాటిక్స్‌ను కూడా తోసేస్తుంది. టోలుయీన్ మీద అన్నిటికన్నా గట్టిగా పనిచేసే టీటీజీజీహెచ్ఐ పంపు జన్యువులు మాత్రం క్రోమోజోములో లేవు. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దాటగల ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ ముక్క మీదున్నాయి.